రెండు నిమిషాల ఆలస్యం

కొత్త గుండెకి భయం వెంటనే తెలియదట.
నరాలు కోసి తెచ్చారు కదా,
కబురు తీగ మీద రాదు,
నెత్తుట్లో నడిచి రావాలి.
డాక్టరు తేన్‌మొళి బొమ్మ గీసి చెప్పింది,
మందుల చీటీ వెనక.

నిజమే.
చూళైమేడు సందులో కుక్క మీదికొచ్చిన రోజు
నేను అదిరిపడ్డాను, అది అదరలేదు.
కుక్క వెళ్ళిపోయి, నేను గేటు వేసుకుని,
చెప్పులు విడిచి, కుర్చీలో కూర్చున్నాక
అప్పుడు మొదలెట్టింది
దబ దబా,
పెళ్ళయిపోయాక వచ్చిన బాజావాళ్ళలాగ.

గూడూరు నిమ్మకాయల యార్డులో
తూకం చీటీలు రాసేదాన్ని నేను.
పదహారేళ్ళు.
ముల్లు ఎక్కడ ఆగితే అక్కడ అంకె వెయ్యడమే,
ఆలస్యం తెలియని పని.
ఊపిరందక బస్తాల మీద కూలబడిన నాడు
ముల్లు ఇంకా ఊగుతూనే ఉంది.

ఇక్కడ పొద్దున ఎనిమిదికి మందు, రాత్రి ఎనిమిదికి మందు.
ఒక నిమిషం ముందే
చెల్లెలు సుబ్బరత్నం గ్లాసు పట్టుకుని నిలబడుతుంది,
రైలుకి జెండా ఊపేవాడిలాగ.
పచ్చివి తినకూడదు. పూలు దగ్గరికి రాకూడదు.
మట్టి పడదు.
ఇంటావిడ అంబుజవల్లి ఆ మాట విన్న పూటే
గుమ్మం ముందు తులసికుండీని మేడ మీదికి పెట్టించింది.
ఆమెకి మోకాళ్ళ నొప్పులు.
రోజూ తెల్లారి చెంబు పట్టుకుని ఇరవై మెట్లు,
మెట్టుకీ మెట్టుకీ మధ్య ఒక "మురుగా".
నేను పడుకునే లెక్కపెడతాను.
ఒక్కసారీ నాతో అనలేదు.
కిటికీలోంచి "సాప్టియామా?" అంటుంది, అంతే.

ఇస్త్రీ బండి ఏళుమలై నా చీరలకి డబ్బు తీసుకోడు.
వేడికి పురుగులు చస్తాయి, నువ్వు బతుకు, అంటాడు,
అరవం సగం, తెలుగు సగం.
మడత విప్పితే లోపల ఇంకా వెచ్చగా ఉంటుంది.

ఎవరి గుండె అని అడిగాను ఒకసారి.
చెప్పరాదన్నారు.
ఆ రాత్రి ఏ ఊళ్ళోనో
సంతకం పెట్టిన చెయ్యి ఒకటి ఉంది.
దాన్నే ఊహించుకుంటాను, ముఖం దాకా పోయే ధైర్యం లేదు.
పెన్ను పట్టిన తీరు, అక్షరం వణికిన చోటు.
నేనూ చీటీలు రాసినదాన్నే,
రాత చూస్తే మనిషి అలసట తెలుస్తుంది నాకు.
దణ్ణం పెడదామంటే ఏ దిక్కుకో తెలియదు.
ఏడుపు కూడా రాలేదు అప్పుడు.
మూడు వారాలయ్యాక, చారన్నం కలుపుకుంటూ ఉంటే, వచ్చింది.

నిన్న పెంచలయ్య వచ్చాడు.
యార్డులో మూటలెత్తే పెంచలయ్య.
తెల్లవారుజాము బండికి వచ్చి, సెంట్రల్లో దిగి,
కనపడ్డ వాళ్ళకల్లా అడ్రసు కాయితం చూపిస్తా.
పైకి రమ్మంటే రాడు.
"నాకు దగ్గుండాదమ్మా, నేను రాగూడదు."
వీధిలోనే నిలబడి
సంచీ సుబ్బరత్నం చేతికిచ్చాడు.
నిమ్మకాయలు, వందకి పైనే.
"మా ఇంటిది ఉడుకునీళ్ళలో కడిగింది, ఒక్కోటీ."
అడుగున కవరు.
హమాలీలు మూటకి రూపాయి లెక్కన తీసిపెట్టిన డబ్బు.
ఆ లెక్క నా తూకం చీటీల మీదే రాసుంది,
ఎవరి రాతో, అంకెలన్నీ వంకర.
కూడిక తప్పు.
డబ్బు నలభై రూపాయలు ఎక్కువే ఉంది.

"బాగుండావా?" కిందనుంచి అరిచాడు.
మాస్కులోంచి నేనేం చెప్పినా వినపడదు.
చెయ్యి ఊపాను.
అతను ఊపలేదు. భుజం మీది తువ్వాలు తీసి
తలకి చుట్టుకున్నాడు,
మూట ఎత్తబోయే ముందు చుట్టుకున్నట్టు,
చుట్టుకుని, ఉత్త చేతులతో నడిచిపోయాడు.

మలుపు తిరిగాడు.
ఇస్త్రీ బండి పొగ తప్ప సందులో ఏమీ లేదు.
"లోపలికి రాక్కా" అంది సుబ్బరత్నం.
ఉండు, అన్నాను, కిటికీ చువ్వ పట్టుకుని.
నాకు తెలుసు, కబురు బయల్దేరే ఉంటుంది.
ఇది గూడూరు ఎరగదు,
పెంచలయ్యని ఎరగదు,
దారి అడుగుతూ రావాలి కదా పాపం,
కాయితం చూపించుకుంటా,

ఇదుగో.
మొదలెట్టింది.